ఇద్దరు పిల్లలు, రెండు సీట్ల కారు: ఎలా లెక్కేసినా కుదరట్లేదు

మూడోగేరు:
అందరికీ నమస్తే. ఇన్నాళ్ళూ ఇక్కడ చదవడమే తప్ప రాసింది లేదు. ఇంట్లో చెబితే నవ్వుతారు, ఆఫీసులో చెబితే ఇంకా నవ్వుతారు, అందుకని మీ దగ్గరికి వచ్చాను.

పాపకి నాలుగేళ్ళు, బాబుకి 14 నెలలు. ఒక కారుంది. నాలుగు డోర్లు, పెద్ద డిక్కీ, వెనక రెండు చైల్డ్ సీట్లు. వెనక సీటు మీద కరిగి అంటుకుపోయిన నారింజ రంగు క్రేయాన్ ఉంది. దాన్ని గీకడం మానేసి ఆర్నెల్లయింది.

పోయిన ఆదివారం ఒకాయన అమ్మకానికి పెట్టిన మొదటి తరం మాజ్దా ఎంఎక్స్-5 చూడ్డానికి వెళ్ళాను. హెడ్‌లైట్లు పైకి లేచే రకం. ఊరికే చూసి వచ్చేద్దామనే వెళ్ళాను, ఒట్టు. ఆయన తాళాలు చేతిలో పెట్టాడు. గేర్ లివర్ నిండా రెండంగుళాలు కూడా జరగదు, మణికట్టు తిప్పితే చాలు, టక్‌మని పడుతుంది. పక్కన లారీ ఆగితే దాని చక్రం బోల్టులు నా కళ్ళకి ఎదురుగా ఉన్నాయి. పదిహేను నిమిషాలు తిప్పాను. తిరిగొచ్చి మా కారెక్కితే సోఫాలో కూర్చుని వీధిలో వెళ్తున్నట్టుంది.

డబ్బు సమస్య కాదు. పాత కారే, దానికని దాచుకున్నదే. సమస్య ఏంటంటే మేము నలుగురం, దానికి ఉన్నవి రెండు సీట్లు. ఈ వయసు పిల్లలతో ఇలాంటి కారు పెట్టుకున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా? నిజంగా నడిపారా, లేక కవర్ కప్పి ఉంచారా?

నాలుగుతలుపులు:
నలుగురికి రెండు సీట్లు. రెండు ట్రిప్పులు వేస్తే సరి.

గ్రీజుచేతులు:
పైన ఆయన్ని పట్టించుకోవద్దు బ్రదర్, ఆయన ఏ చర్చలోనైనా అంతే.

మంచి కారే చూశావు. 1989లో వచ్చింది. బరువు సుమారు 950 కిలోలు. ఇంజన్ ముందు, బండిని తోసేవి వెనక చక్రాలు, మధ్యలో నువ్వు. దీన్ని నడిపే అనుభూతికి మాజ్దా వాళ్ళు 'జిన్‌బా ఇత్తాయ్' అని పేరు పెట్టుకున్నారు, అంటే గుర్రం, రౌతు ఒక్కటైపోవడం. కంపెనీలు ఇలాంటివి బోలెడు చెప్తాయి గానీ ఈ ఒక్కటి మాత్రం నడిపినవాళ్ళు ఎవరూ కాదనరు. 2016 నాటికి అన్ని తరాలూ కలిపి పది లక్షలు తయారయ్యాయి. పార్టులు దొరుకుతాయి, పనిచేయడం సులువు. ఇది కొని నష్టపోయినవాళ్ళు ఉన్నారంటే అది తుప్పు వల్లే. తుప్పు సంగతి తర్వాత రాస్తాను.

వెనకసీటు:
అందరూ మురిసిపోయే ముందు ఒక్క మాట. నేను చైల్డ్ సీట్లు బిగించడం నేర్పే పనిలో ఉన్నాను, కాబట్టి కొంచెం కఠినంగానే చెప్తాను.

బాబుని ఆ కార్లో ఎక్కించే ఆలోచన ఏ మూలనున్నా తీసేయండి. 14 నెలల పిల్లాడు వెనక్కి తిరిగి కూర్చునే సీట్లోనే ఉండాలి. ఐ-సైజ్ అనే చైల్డ్ సీట్లకి ఐక్యరాజ్యసమితి పెట్టిన నిబంధన ఆర్129 ప్రకారం కనీసం 15 నెలలు నిండేదాకా అంతే. అది కనీసం మాత్రమే. స్వీడన్‌లో నాలుగేళ్ళ దాకా వెనక్కే కూర్చోబెడతారు. ఇక ముందు సీట్లో ఎయిర్‌బ్యాగ్ ఆన్‌లో ఉండగా అలాంటి సీటు పెట్టనే కూడదు. బ్యాగ్ విచ్చుకోడానికి సెకనులో ఇరవయ్యో వంతు పట్టదు. అది వచ్చి కొట్టేది సరిగ్గా బాబు తల వెనకున్న సీటు వీపుని. సన్ వైజర్ మీద ఎర్రగీత కొట్టిన బేబీ సీటు బొమ్మ ఉంటుంది చూడండి, అది దీని గురించే.

మొదటి తరం ఎంఎక్స్-5లలో కొన్నిటికి ప్యాసింజర్ ఎయిర్‌బ్యాగ్ అసలు లేదు కదా అని ఎవరో ఒకరు అంటారు. నిజమే, లేదు. చైల్డ్ సీటుని కారుకి నేరుగా తగిలించే ఐసోఫిక్స్ కొక్కేలూ లేవు. పక్కనుంచి గుద్దితే కాపాడే పక్క ఎయిర్‌బ్యాగులూ లేవు. లేనివాటి లిస్టు చూపించి పిల్లాణ్ణి ఎక్కించకండి.

మూడోగేరు:
వెనకసీటు గారూ, థాంక్స్. బాబుని ఎక్కించే ఉద్దేశం లేదు. పాప సంగతి మాత్రం ఆలోచించాను, అబద్ధం ఎందుకు. ఆ లైట్లు పైకి లేవడం వీడియోలో చూపిస్తే "కారు నిద్ర లేచింది" అంది. అప్పట్నుంచి రోజూ లేపమంటుంది.

వెనకసీటు:
నాలుగేళ్ళ పాపని, ముందుకి చూసే సరైన సీట్లో, ముందు సీటు పూర్తిగా వెనక్కి జరిపి కూర్చోబెట్టడాన్ని కొన్ని దేశాలు ఒప్పుకుంటాయి. మీ దగ్గరి చట్టం చూసుకోండి. కానీ ఆ కార్లో సీటు వెనక్కి జరపడానికి చోటెక్కడిది? సీటు వెనకే గోడ. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 13 ఏళ్ళ లోపు పిల్లలు వెనక సీట్లోనే ఉండాలంటుంది, అదీ ఎయిర్‌బ్యాగ్ దృష్టిలో పెట్టుకునే. నన్ను అడిగితే లైట్లు లేపడం వరకు చాలు. ఇంజన్ ఆపి ఉన్నప్పుడు.

పాతఇంజన్:
బాబూ, నా కథ విను. పెద్దోడు పుట్టిన నెలలో నా రెండు సీట్ల బండి అమ్మేశాను. అందరూ భుజం తట్టారు, బాధ్యత తెలిసినవాడన్నారు. మళ్ళీ కొన్నది ఇరవై రెండేళ్ళ తర్వాత, పాత పోర్షే బాక్స్‌స్టర్. ఇంజన్ మధ్యలో ఉండటం వల్ల ముందొక డిక్కీ, వెనకొక డిక్కీ. రెండూ ఖాళీయే, పెట్టుకోడానికి ఏముందని.

ఇప్పుడు అందులోంచి దిగాలంటే ముందు రెండు కాళ్ళూ బయట పెట్టాలి, తర్వాత ఒక చెయ్యి సిల్ మీద, అంటే డోర్ కిందుండే గట్టు మీద, ఒక చెయ్యి పైన డోర్ మీద, ఒకటీ రెండూ మూడూ అనుకుని లేవాలి. మొన్న సిగ్నల్ దగ్గర ఒక కుర్రాడు ఫొటో తీసుకుంటానంటే దిగకుండా కూర్చునే ఉన్నాను. కారు ఎప్పుడైనా దొరుకుతుంది, మోకాళ్ళు దొరకవు. అమ్మినందుకు బాధపడుతున్నానా అంటే, ఆ రోజుల్లో ఉంచుకున్నా నడిపేవాణ్ణి కాదేమో. నిద్రే లేదు. నా మాట విని ఏదీ తేల్చుకోకు.

అలిసిననాన్న:
"నిద్రే లేదు" అన్న మాటకి దండం.

నాలుగుతలుపులు:
సీరియస్‌గా ఒక మాట. ఉన్న కారు మార్చి ఒక హాట్ హ్యాచ్, అంటే జోరైన ఇంజన్ పెట్టిన చిన్న ఫ్యామిలీ కారు, కొనుక్కో. గోల్ఫ్ జీటీఐ 1976 నుంచి ఈ ఒక్క సమస్య తీర్చడానికే ఉంది. డిక్కీ ఉంది, వెనక సీట్లున్నాయి, వేగమూ ఉంది. రెండు కార్లు, రెండు ఇన్సూరెన్సులు, రెండు సర్వీసులు, ఈ గోలంతా ఎందుకు?

గ్రీజుచేతులు:
ఇప్పటి జీటీఐ 1,400 కిలోలు దాటింది. ఆయన అడిగింది వేగం కాదు. నిజానికి ఆ ఎంఎక్స్-5 పెద్ద స్పీడు కారేం కాదు, మామూలు ఫ్యామిలీ కార్లే దాన్ని దాటి పోతాయి. 60లో వెళ్తున్నా ఏదో జరుగుతున్నట్టు ఉంటుంది, అదీ దాని సంగతి. పైగా హాట్ హ్యాచ్ కొంటే నెల తిరిగేసరికి దాని వెనక సీట్లోనూ క్రేయాన్ ఉంటుంది. ఆయన పోస్టు మళ్ళీ చదువు, ఆ క్రేయాన్ దగ్గరే ఉంది అసలు గొడవ.

వంకరరోడ్డు:
నాలుగు సీట్లున్న స్పోర్ట్స్ కారు అనే మధ్యదారి నేను పట్టాను. టొయోటా జీటీ86. వెనక సీట్లున్నాయని బ్రోషర్ చెప్తుంది, ఉన్నాయి కూడా. వెనక్కి తిరిగే చైల్డ్ సీటు పెట్టాలంటే ముందు సీటు డాష్‌బోర్డు దాకా జరపాలి. మా ఆవిడ మోకాళ్ళు గ్లవ్ బాక్స్‌కి ఆనించుకుని ఒకసారి వచ్చింది. రెండోసారి రాలేదు. ఇక పిల్లని ఎక్కించాలంటే నేను నడుం వంచి, తల లోపల పెట్టి, ఒక మోకాలు సీటు మీద ఆన్చి, పిల్లని పక్కగా తిప్పి తోయాలి. రెండు డోర్ల కార్లో అది ఎంత కష్టమో చేసినవాడికే తెలుసు. నడుం పట్టేసి వారం రోజులు ఆఫీసులో నిలబడి పనిచేశాను. అసలు వెనక సీట్లే లేని కారైతే ఈ ఆశ పుట్టదు, ఆ బాధా ఉండదు.

కవలలతల్లి:
నాలుగు రోజులుగా చూస్తున్నాను, అడగాల్సిన ప్రశ్న ఎవరూ అడగట్లేదు. నేనే అడుగుతాను.

ముందు నా సంగతి. నాకు హోండా ఎస్2000 ఉండేది. నాదే, మా ఆయనది కాదు. ఇంజన్ 9,000 ఆర్‌పీఎం దాకా, అంటే నిమిషానికి అన్ని చుట్లు, తిరుగుతుంది. 6,000 దగ్గర దాని గొంతు మారుతుంది, ఆ చప్పుడు ఇప్పటికీ కల్లో వస్తుంది. స్కానింగ్‌లో ఇద్దరు కనపడ్డ వారంలోనే అమ్మకానికి పెట్టేశాను. కాబట్టి మీ కోరిక నాకు అర్థం కాదని అనకండి.

రెండు సీట్ల కారు ఎప్పుడు బయటికి తీసినా ఇంట్లో ఇద్దరు పిల్లలతో ఎవరో ఒకరు ఉండాలి. మూడోగేరు గారూ, మీరు ఆదివారం పొద్దున ముప్పావు గంట నడిపి వస్తారు. కడిగి, తుడిచి, కవర్ కప్పడానికి ఇంకో గంట. గ్యారేజీకి తీసుకెళ్తే సగం రోజు. ఆ టైమంతా ఎవరి ఖాతాలోంచి పోతుంది? డబ్బు సమస్య కాదన్నారు, బాగుంది. మీ ఇంట్లో ఇప్పుడు కరువుగా ఉన్నది డబ్బు కాదు, చేతులు ఖాళీగా ఉన్న గంట. అది ఇద్దరికీ సమానంగా దొరుకుతోందా? ఆవిడ వారంలో ఎన్ని గంటలు ఒంటరిగా బయటికి వెళ్తారు? మీకు నిజంగా తెలుసా, లేక ఏదో ఒక అంకె చెప్తారా?

తిట్టడానికి రాయట్లేదు. నేను కారు నచ్చక అమ్మలేదు, ఈ లెక్క తేలక అమ్మాను.

మూడోగేరు:
ఏదో ఒక అంకె చెప్పేవాణ్ణే.

లెక్కలమనిషి:
అయితే అంకె రాసే పట్రా. నాలుగు వారాలు ఒక పుస్తకం కార్లో పెట్టుకో. బండి కదిలిన ప్రతిసారీ రాయి: ఎవరెవరు ఎక్కారు, ఎంతసేపు, డిక్కీలో ఏముంది. మీ ఆవిడ నడిపినప్పుడూ రాయించు. అందులో రెండు సీట్లూ, ఒక చిన్న డిక్కీ సరిపోయే ప్రయాణాలు ఎన్నో లెక్కపెట్టు. కొత్త ఎంఎక్స్-5 డిక్కీయే 130 లీటర్లు. నీ స్ట్రోలర్ అందులో పట్టదు, అది మాత్రం పుస్తకం లేకుండానే చెప్పగలను. కోరిక మీద వాదన పెట్టుకుంటే తెగదు. అంకెల మీద అయితే కనీసం వాదించడానికి ఒక కాగితం ఉంటుంది.

గ్రీజుచేతులు:
ఈలోగా ఆ కారు పోకుండా చూసుకో, లేదా పోనీ. ఎప్పుడు కొన్నా ఇవి మాత్రం చూడు.

మెత్తటి టాప్ మడిచే చోట, సీట్ల వెనక రెండు మూలల్లో, నీళ్ళు పోయే రంధ్రాలుంటాయి. ఆకులు పడి మూసుకుపోతాయి. అప్పుడు వాన నీరంతా సిల్స్‌లోకి దిగి లోపల్నుంచి తింటుంది. పైకి పెయింటు నున్నగా ఉంటుంది, లోపల పొట్టు. ఒక గ్లాసు నీళ్ళు ఆ రంధ్రంలో పోసి చూడు. వెనక చక్రానికి కాస్త ముందు, కారు కింద ధారగా పడాలి. పడకపోతే సిల్‌ని వేలితో కాదు, పిడికిలితో తట్టి విను. అమ్మేవాడి ముఖం కూడా చూడు.

టైర్లకి మెరుపు చూసి మోసపోకు. పక్కన నాలుగంకెలుంటాయి: 2319 అంటే 2019లో 23వ వారం. ఇలాంటి కార్లు తక్కువ తిరుగుతాయి కాబట్టి టైరు అరగదు, కానీ రబ్బరు గట్టిపడి తడిలో జారుతుంది. టైమింగ్ బెల్టు లక్ష కిలోమీటర్లకి మార్చాలి. మార్చిన రసీదు లేకపోతే మార్చలేదనే అనుకో. ఇంకొకటి, కవర్ కప్పి ఉంచితే కారు బాగుంటుందనుకునేవు. బ్యాటరీ దిగిపోతుంది, బ్రేకు డిస్కులు తుప్పు పడతాయి, ట్యాంకులో పెట్రోలు పాతబడుతుంది. నడపనివాడు కొనకూడని కారు అది.

అలిసిననాన్న:
నా ప్రశ్న వేరు. టాప్ తీసి వెళ్తే గాలి హోరులో పాప నిద్రపోతుందా? మాది ఇంట్లో పడుకోదు, కార్లోనే పడుకుంటుంది.

గ్రీజుచేతులు:
ఆ కార్లో నిద్రా? ఆ హోరులో, ఆ సస్పెన్షన్ మీద ఎవరికీ కన్ను మూత పడదు.

మూడోగేరు (నాలుగు వారాల తర్వాత):
పుస్తకం తెచ్చాను. మధ్యలో నాలుగు పేజీల మీద పాప బొమ్మలు వేసింది, వాటిని వదిలేసి చెప్తున్నాను.

మొత్తం 43 సార్లు బండి కదిలింది. 29 సార్లు కనీసం ఒక పిల్ల లోపల ఉంది. మిగతా 14లో నేను ఒక్కణ్ణీ 10, ఆమె ఒక్కతీ 4. మేమిద్దరం, పిల్లలు లేకుండా: సున్నా.

నా పదిలో ఆరు డైపర్లకీ సరుకులకీ. ఒకటి టైరు గాలికి. ఇరవై నిమిషాలు దాటినవి రెండే. ఆమె నాలుగూ డెంటిస్టు దగ్గరికి. కవలలతల్లి గారూ, రూట్ కెనాల్‌ని ఒంటరి సమయం కింద లెక్కేస్తారా?

చదువుతుంటే ఒకటి కనపడింది. ఏడు ఎంట్రీలు ఒకేలా ఉన్నాయి: "రాత్రి 10.40, బాబు, 35 నిమిషాలు, ఎక్కడికీ కాదు." వాడు పడుకోకపోతే తిప్పి తెస్తాను. ఖాళీ రోడ్డు, రేడియో ఉండదు, వాడి ఊపిరి మారేదాకా బ్రేకు కూడా మెల్లగా వేస్తాను. ఈ నెలలో నేను బాగా నడిపింది ఏదంటే అదే. ఆ ఏడింటిలో ఒక్కటీ ఆ కార్లో కుదరదు.

నాలుగుతలుపులు:
కేసు కొట్టేశారు.

వంకరరోడ్డు:
ఎందుకు కొట్టేస్తారు? ఉన్న కారుకి తగ్గట్టే ప్రయాణాలుంటాయి. ఇంట్లో వీణ లేనివాడు నెలంతా పుస్తకంలో రాసినా వీణ వాయించిన గంటలు సున్నానే కదా.

లెక్కలమనిషి:
అది న్యాయమైన మాటే, ఒప్పుకుంటాను. కానీ నేను ముందు చూసేది ఆయన పది కాదు, ఆ సున్నా.

కవలలతల్లి:
నేనూ అదే. మూడోగేరు గారూ, పుస్తకం ఆవిడకి చూపించారా?

మూడోగేరు:
చూపించాను. కారు కావాలన్న సంగతి కూడా అప్పుడే చెప్పాను. నవ్వలేదు. "ఎన్నాళ్ళ నుంచి?" అని అడిగింది. అంతే, ఇంకేం అనలేదు. సున్నా ఉన్న లైను మీద మాత్రం కాసేపు వేలు పెట్టి ఉంచింది.

పాతఇంజన్:
కొనకు, అద్దెకు తీసుకో. ఒక్క పూట. ఇద్దరూ వెళ్ళండి.

మూడోగేరు (పది రోజుల తర్వాత):
ఆ కారు వేరే ఎవరో కొనుక్కున్నారు. వినగానే పొట్టలో ఏదో జారినట్టయింది, పావుగంటకి సర్దుకుంది.

పాతఇంజన్ గారు చెప్పినట్టే చేశాను. అదే మోడల్ అద్దెకు దొరికింది, నాలుగు గంటలకి. మా అమ్మ పిల్లల్ని చూసుకుంది. మంచి వంకర రోడ్డు ముందే చూసి పెట్టుకున్నాను, ఏ మలుపుకి ఏ గేరో కూడా అనుకున్నాను. టాప్ తీశాం. ఆమె చెప్పులు తీసి కాళ్ళు ముందుకి చాపుకుంది, బాగుందంది. ఊరు దాటిన పది నిమిషాలకి చూస్తే తల పక్కకి వాలిపోయి ఉంది.

తర్వాత ఏం చేస్తాను? 7,000 దాకా తిరిగే ఇంజన్ని 2,500 దాటనివ్వలేదు. గేర్లు ముందే మార్చేశాను. గుంతలు చూసి చూసి పోనిచ్చాను. ఆ వంకర రోడ్డు మలుపు వస్తే తిరక్కుండా నేరుగా పోనిచ్చాను, నున్నగా ఉందని.

గ్రీజుచేతులు:
ఎంతసేపు పడుకుంది?

మూడోగేరు:
గంటా పది.

గ్రీజుచేతులు:
సరే. కన్ను మూత పడదన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను.